మచ్చలేని కార్డులు

మా ఆయన భాస్కరంగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ లెక్కల మాస్టారు. ఎవరికీ అర మార్కు ఊరికే వేసి ఎరగరు. పదో తరగతి పేపర్లు దిద్దడానికి వెళితే, పక్కన కూర్చున్న మాస్టార్లు ముప్పై నాలుగు వచ్చినవాడికి ఇంకొకటి కలిపి గట్టెక్కించేవారు. ఈయనకి మాత్రం ముప్పై నాలుగంటే ముప్పై నాలుగే. రాజమండ్రిలో ఎంతమంది తల్లులు ఆయన్ని తిట్టుకున్నారో నాకు తెలుసు, ఎందుకంటే ఆ తిట్లన్నీ కూరల బజారులో నాకే తగిలేవి. అలాంటి మనిషి రిటైరయ్యాక, దిద్దడానికి పేపర్లు లేక చేతులు దురద పెట్టాయేమో, క్రికెట్ కార్డులకి మార్కులు వెయ్యడం మొదలుపెట్టారు.

అంతకు పదేళ్ళ ముందు బబుల్‌గమ్ము కొంటే పొట్లంలో ఒక కార్డు వచ్చేది. ముందువైపు ఆటగాడి బొమ్మ, వెనకవైపు అతను చేసిన పరుగులు, తీసిన వికెట్లు. పిల్లలు గమ్ము నమిలి ఉమ్మేసి కార్డు దాచుకునేవారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై ఉద్యోగాల్లో చేరాక, అటకల మీద మిగిలిపోయిన ఆ కార్డుల్ని ఇంటర్నెట్టులో వేలానికి పెడుతున్నారు. నాకు తెలిసిన వేలమల్లా చేపల రేవులో జరిగేదే. అరుపులూ కేకలూ లేకుండా, సరుకు ముట్టుకోకుండా, ఫొటో చూసి పాడుకునే పాట ఏమిటో నాకు మొదట్లో బోధపడలేదు.

దేవీచౌక్ దగ్గర దేవకుమారి అనే అమ్మాయి నెట్ సెంటరు నడుపుతుంది. మా ఆయన పొద్దున్నే టిఫిను కానిచ్చి, స్కూలుకి వెళ్ళినట్టే ఇస్త్రీ చొక్కా వేసుకుని అక్కడికి వెళ్ళేవారు. మొదట్లో మౌసు పట్టుకోవడం రాక బల్ల చివరిదాకా తోసేవారట. ఏడాది తిరిగేసరికి, సెంటరుకి వచ్చినవాళ్ళు వేలంలో ఏది కొంటున్నా "మాస్టార్ని ఒకసారి చూడమందామండి" అని ఆ అమ్మాయే అనే స్థితికి వచ్చారు. ఫొటోలో కార్డు మూలమీద వెలుగు మెరిసిందంటే, అమ్మేవాడు ఆ మూలని దాస్తున్నాడని అర్థమట. వాలుగా పెట్టి తీశాడంటే అంచులు సమానంగా లేవని అర్థమట. "కొత్తదానిలా ఉంది" అని రాసినవాణ్ణి అసలు నమ్మకూడదట. కాకి పిల్ల కాకికి ముద్దు, ఎవడి కార్డుకి వాడు ఫస్ట్ క్లాసు వేసుకుంటాడు అనేవారు.

దేవకుమారి పేరుమీద సెంటరుకి పార్సెలు వచ్చిన రోజు మా వరండాలో పరీక్ష జరిగేది. బల్లమీద తెల్ల తువ్వాలు పరిచి, చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరేదాకా గాలికి ఊపుకుని కూర్చునేవారు. కార్డుని అంచులు పట్టుకునే తీసేవారు, బొమ్మమీద వేలు పెట్టేవారు కాదు. ముందు స్టీలు స్కేలు పెట్టి కొలిచేవారు. మెత్తబడిన మూలల్ని కత్తిరించి పదును చేసి అమ్మే ఘనులు ఉంటారట, అలాంటి కార్డు వెంట్రుకవాసి పొట్టిగా ఉంటుందట. తరవాత నాలుగువైపులా తెల్ల అంచు సమానంగా ఉందా, బొమ్మ ఒక పక్కకి జరిగిందా అని చూసేవారు. తరవాత మూలలు, ఒక్కొక్కటే, భూతద్దం కింద. చివరికి కార్డుని కిటికీ వైపు తిప్పి కంటికి దగ్గరగా ఏటవాలుగా పట్టుకునేవారు. మడతలూ గీతలూ ఎదురుగా చూస్తే కనపడవు, వాలు వెలుగులోనే బయటపడతాయి. పీచు లేచిన మూలకి కోత, రబ్బరు బ్యాండు నొక్కుకి కోత, వేలిముద్రకి కోత. పదికి తొమ్మిది దాటినది ప్లాస్టిక్ తొడుగులోకి, అక్కడినించి ఆల్బంలోకి వెళ్ళేది. దాటనిది డ్రాయరులో పడేది.

"పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు నన్నూ ఇలాగే చూశారా?" అని ఒకసారి అడిగాను.

"అప్పుడు భూతద్దం లేదు, కనకం. ఉండుంటే ఆ వేలిమీద గాటుకి ఒక మార్కు కోసేవాణ్ణి," అన్నారు.

చిన్నప్పుడు కంద తరుగుతుంటే నా కుడిచేతి ఉంగరం వేలు కత్తిపీటకి తెగింది. మానిందిగాని, వేలి కొసమీద అడ్డంగా ఒక గీత ఉండిపోయింది. ఆయన హాస్యమాడడం అరుదు కనక ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

ఇదంతా వింటే పనీపాటా లేని ముసలాయన సరదా అనుకుంటారు. సరదా కాదు. అవి మా శశి కార్డులు.

శశిభూషణ్ మా ఒక్కగానొక్క కొడుకు. గమ్ము కార్డులంటే వాడికి ప్రాణం. బిస్కెట్ల రేకు డబ్బాలో, రబ్బరు బ్యాండు వేసి, వాళ్ళ నాన్నకి కనపడకుండా వంటింట్లో బియ్యం డబ్బా వెనక దాచేవాడు. చేతులు కడుక్కోమంటే చొక్కాకి తుడుచుకునే రకం. ఆవకాయన్నం తిన్న చేత్తోనే కార్డులు నేలమీద పరిచి, ఎదురింట్లో అద్దెకున్న రాజుగారి అబ్బాయి సందీప్‌తో వెనక అంకెలు పోల్చి ఆడేవాడు. అన్నిటిలోకీ వికెట్ కీపరు కార్డంటే మరీ ఇష్టం. గ్లవుజులు వేసుకుని ముంగాళ్ళమీద కూర్చున్న బొమ్మ అది. వాడూ పెరట్లో అలాగే కూర్చుని, నేను విసిరిన నిమ్మకాయలు పట్టేవాడు.

దసరాల్లో సరస్వతీపూజ నాడు పిల్లల పుస్తకాలు అమ్మవారి ముందు పెట్టి, నాలుగు మూలలా పసుపు రాయడం మా ఇంట్లో ఆనవాయితీ. శుభలేఖకి రాసినట్టే. ఆ ఏడు లెక్కల పుస్తకం ఎత్తితే దాని కింద కార్డుల కట్ట ఉంది. "వీటిక్కూడా పెట్టమ్మా," అన్నాడు నెమ్మదిగా. వాళ్ళ నాన్న వస్తారేమోనని ఇద్దరం గుమ్మంవైపు చూసుకుంటూ, ఒక్కొక్క కార్డూ వాడు అందిస్తుంటే నేను గబగబా అన్నిటికీ పెట్టేశాను. కార్తీకమాసంలో వాడికి జ్వరం వచ్చింది. మెదడువాపు అన్నారు. కాకినాడ తీసుకెళ్ళాం. తీసుకెళ్ళినవాణ్ణి ఇంటికి తెచ్చుకోలేకపోయాం. వాడికప్పుడు పదమూడేళ్ళు.

కర్మలయ్యాక చుట్టాలు వాడి బట్టలు, పక్క, పుస్తకాలు ఎవరెవరికో ఇచ్చేశారు. పోయినవాళ్ళ వస్తువులు ఇంట్లో ఉంచుకోకూడదంటారు. నేను లేచి కూర్చునే స్థితిలో లేను. కొంత తేరుకున్నాక ఆ రేకు డబ్బా గుర్తొచ్చింది. అది దాచిన చోటు ఎవరికీ తెలియదు కదా, అది తప్పకుండా ఉంటుందని వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా జరిపి చూశాను. గోడ తప్ప ఏమీ లేదు.

"ఎదురింటి కుర్రాడికి ఇచ్చేశాను," అన్నారు ఆయన, పేపరులోంచి తల ఎత్తకుండా. అప్పటికే రాజుగారికి బదిలీ అయి వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. విశాఖపట్నమన్నారు, అక్కడినించి మరెక్కడికో వెళ్ళారన్నారు.

నన్ను ఒక్క మాట అడగలేదు. అందుకు నేను ఆయన్ని పదేళ్ళపాటు క్షమించలేదు. పోట్లాడనూ లేదు, ఎందుకంటే పోట్లాడాలంటే శశి పేరు ఎత్తాలి. మా ఇంట్లో ఆ పేరు పలకడం ఆగిపోయింది. గోడకి ఫొటో ఉంది. అది స్టూడియోవాడు తీసి, వాడు పోయాక పెద్దది చేసి ఇచ్చినది. దాన్ని వాడు ముట్టుకోలేదు. వాడి చెయ్యి తగిలిన వస్తువు ఒక్కటంటే ఒక్కటి మా ఇంట్లో మిగల్లేదు. ఏ చెంచా ముట్టుకున్నా, ఏ తలుపు గొళ్ళెం ముట్టుకున్నా వాడు దీన్ని పట్టుకున్నాడు కదా అనుకునేదాన్ని, కాని అవి నేను రోజూ తోమి తుడిచేసినవే. వాడిదంటూ ఒక వస్తువు, వాడి చేతులు తగిలి అలాగే ఉండిపోయినది నాకు కావాలి. దేవుణ్ణి అడిగినా అదే అడిగేదాన్ని.

ఆయనేమో చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇచ్చేసిన కార్డుల్ని ఇన్నేళ్ళకి మళ్ళీ కొనడం మొదలుపెట్టారు. ఎందుకు కొంటున్నారో నోటితో చెప్పలేదు. ఆల్బం తిరగేస్తే నాకే తెలిసింది. శశి డబ్బాలో ఏవి ఉండేవో అవే ఉన్నాయి, మరొకటి లేదు. వాడు ఆడుతున్నప్పుడు కసరడం తప్ప అటు చూసేవారు కాదనుకున్నాను. అన్నీ చూశారన్నమాట.

ఒకరోజు ఆల్బం నా ఒళ్ళో పెట్టి ఎలా ఉందని అడిగారు. కార్డులు అద్దంలా ఉన్నాయి. పొట్లంలోంచి తీసి ఎవరో జాగ్రత్తపరుడు ముట్టుకోకుండా దాచినవి. ఏ పిల్లవాడూ వాటితో ఆడలేదు. "బాగున్నాయండీ, కొట్లో గిన్నెల్లా ఉన్నాయి," అన్నాను. ఆయన దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నారు. ఒక్కనాడూ వండని గిన్నె నాకెందుకు? ఆయనకి మచ్చ ఉంటే మార్కు పోతుంది, నాకు ఆ మచ్చే కావాలి. ఆ సంగతి శశి పేరు ఎత్తకుండా ఆయనకి ఎలా చెప్పాలో తెలియక ఆల్బం మూసి ఇచ్చేశాను.

అన్నీ సమకూరాయిగాని వికెట్ కీపరు కార్డు ఒక్కటీ కుదరలేదు. దొరికినవేవీ ఆయన పరీక్షలో గట్టెక్కడం లేదు. అలా ఉండగా రెండువేల అయిదు ఎండాకాలంలో వేలానికి ఒక కట్ట వచ్చింది. అమ్మేవాళ్ళ అసలు పేర్లు అక్కడ కనపడవు, ఏవో అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఆ కట్టలో కీపరు ఉన్నాడు. అమ్మేవాడు కింద ఇంగ్లీషులో రాసినది ఆయన ఇంటికొచ్చి నాకు చెప్పారు. కార్డులు పిల్లలు ఆడినవి, మూలల్లో మరకలున్నాయి, నేను తుడవలేదు, ఉన్నవి ఉన్నట్టే పంపుతాను అని రాశాడట.

"పోన్లెండి, నిజం చెప్పేవాడు ఒకడు దొరికాడు," అన్నాను.

"తుడవడానికి బద్ధకం. దానికి నిజాయితీ అని పేరు," అన్నారు. అయినా కట్టంతా పాడుకున్నారు. ఆ ఒక్క కార్డు కోసమే.

పార్సెలు వచ్చేసరికి నేను ఊళ్ళో లేను. జంగారెడ్డిగూడెంలో మా చెల్లెలి మనవడికి అన్నప్రాశన అంటే వెళ్ళాను. నాలుగు రోజులుండి, వాళ్ళ తోటలో జీడిపప్పు పొట్లం కట్టిస్తే పట్టుకుని, ఎండన పడి మధ్యాహ్నానికి ఇంటికి చేరాను. ఆయన వరండాలో చొక్కా చేతులు పైకి మడిచి కూర్చుని ఉన్నారు. బల్లనిండా అద్దుడు కాగితాలు, వాటిమీద వరసగా కార్డులు. నన్ను చూడగానే చెప్పులు విప్పనివ్వకుండా ఇలా రమ్మన్నారు.

కార్డులు వచ్చినప్పుడు చూడాల్సిందన్నారు. ఒక్కటి కూడా నాలుగు దాటదట. అన్నిటికీ, ప్రతి మూలా పసుపుపచ్చ మరకలేనట. పప్పన్నం చేత్తో ఆడుకుని ఉంటారు వెధవలు అన్నారు. మరకలు పోవడానికి ఎండే మందని ఎక్కడో చదివి, గాజుపలక కింద పెట్టి డాబామీద ఎండేశారట. "మన రాజమండ్రి ఎండకి మరకేం ఖర్మ, మనిషే వెలిసిపోతాడు," అని నవ్వారు. కొద్దిగా మిగిలినదాన్ని సబ్బునీళ్ళలో ముంచిన దూదితో అద్ది తీసేశారట. ఇప్పుడు ఏడుకీ ఎనిమిదికీ తక్కువ లేవట. కీపర్ని మాత్రం చెయ్యి కుదిరాక ముట్టుకుందామని ఎండలోనూ పెట్టకుండా చివరికి అట్టేపెట్టారట. ఇక అదొక్కటే మిగిలిందన్నారు.

ఆయన అంత హుషారుగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో. నాకూ నవ్వు వచ్చింది. ఈ నాలుగు రోజులూ భోజనం సరిగ్గా చేశారా అని అడగబోతూ బల్లమీద సాసరులోకి చూశాను. వాడేసిన దూది ఉండలు అందులో పోగుపడి ఉన్నాయి. ఎర్రగా ఉన్నాయి.

"ఈ ఎరుపేంటండీ?" అన్నాను.

"అదే నాకూ అర్థం కావట్లేదు. పసుపుపచ్చ మరక, సబ్బు తగలగానే ఎర్రబడుతోంది. ఏదో కెమికల్ అయ్యుంటుంది," అన్నారు.

లెక్కల మాస్టారు. వంటింటి గడప దాటి లోపలికి రాని మనిషి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని, సబ్బు తగిలినా అంతేనని మా ఇళ్ళలో ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది. పెళ్ళికూతురి పాదాలకి పారాణి అలాగే కలుపుతాం, దిష్టి తీసే ఎర్రనీళ్ళూ అలాగే కలుపుతాం. అది పప్పన్నం మరక కాదు. ఎవరో తల్లి పెట్టిన పసుపు. అంతవరకే అనుకున్నాను, నిజంగా అంతవరకే. ఏ ఇంట్లోనైనా పెడతారు. కాని చేతిలో పొట్లం కింద పెట్టి బల్ల దగ్గరికి జరిగాను.

నేను ఆయన భూతద్దం ఎన్నడూ ముట్టుకోలేదు. ఆ రోజు అడగకుండా తీసుకున్నాను. కీపరు కార్డు తువ్వాలుమీద ఒక్కటే ఉంది. పై మూల దగ్గర గుండ్రంగా పసుపు మరక. అద్దం పెట్టి చూస్తే అది ఒట్టి మరకలా లేదు, వేలిముద్రలా సన్నని వలయాలు కనపడుతున్నాయి. వాటికి అడ్డంగా తెల్లటి గీత.

"చూశావా, ఆ గీత కూడా ఉంది," అన్నారు ఆయన నా భుజం మీదుగా వంగి. "విచిత్రమేంటంటే అన్ని కార్డులకీ ఆ గీతే ఉంది. మరకకి ఒకటి, గీతకి ఒకటి కోశాను."

నేను నా ఉంగరం వేలు ఆ మూల పక్కన పెట్టాను.

"ఇది గీత కాదండీ. నా వేలు," అన్నాను.

ఆయనకి వెంటనే తెలియలేదు. నా చేతిలోంచి భూతద్దం తీసుకుని ముందు కార్డు చూశారు, తరవాత నా వేలు చూశారు, మళ్ళీ కార్డు చూశారు. పేపరు దిద్దేటప్పుడు మొత్తం కూడిక సరిచూసుకున్నట్టు పైనించి కిందికి ఒకసారి, కిందనించి పైకి ఒకసారి చూశారు. సరస్వతీపూజ నాడు శశి అడిగితే పెట్టానని, మీకు తెలియకుండా పెట్టానని చెప్పాను. పదేళ్ళ తరవాత ఆ ఇంట్లో వాడి పేరు పైకి అన్నది నేనే.

పార్సెలు అట్ట చెత్తబుట్టలో ఉంది. తీసి చూస్తే పంపినవాడి పేరు సందీప్ వర్మ, హైదరాబాదు అడ్రసు. ఆయన్ని అడిగితే, పేరు చూశాను గాని ఆ రాజుగారి కుర్రాడి పేరు సందీపని నాకెప్పుడూ తెలియదే అన్నారు. నలభై మంది పిల్లల క్లాసులో ప్రతివాడి ఇంటిపేరూ చెప్పగలిగే మనిషి, మా ఇంట్లో రోజూ తిని వెళ్ళిన పిల్లాడి పేరు ఎరగరు.

పదేళ్ళుగా లోపల ఉన్నది ఇక ఆగలేదు. నేను గొంతు పెంచలేదు. "ఆ రోజు నన్ను అడక్కుండా ఇచ్చేశారు. ఆ పిల్లాడు ఇన్నేళ్ళు తుడవకుండా దాచి పంపిస్తే, నన్ను అడక్కుండా కడిగేశారు," అన్నాను.

ఆయన దూది ఉండలున్న సాసరు ఎందుకో తన దగ్గరికి జరుపుకున్నారు. తరవాత, నాకేసి చూడకుండా చెప్పారు. బియ్యం డబ్బా వెనక దాచడం ఆయనకి మొదటినించీ తెలుసట. తెలియనట్టు ఉండేవారట, దాచుకునే సరదా వాడికి ఉండనిద్దామని. కర్మలయిన మర్నాడు నేను పడుకుని ఉండగా ఆ డబ్బా తీసి పట్టుకున్నారట. సరిగ్గా అప్పుడే ఎదురింటి కుర్రాడు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడట. ఏమీ అడగలేదు, ఊరికే ఏడుస్తున్నాడట.

"మూత తియ్యలేకపోయాను కనకం. తీస్తే వాడి చేతి మురికి ఉంటుంది లోపల. అది చూసి నేను బతకలేననిపించింది. ఆ పిల్లాడి చేతిలో పెట్టేశాను," అన్నారు.

అని, ఆరబెట్టిన కార్డుల్లోంచి ఒకటి తీసి, అంచులు పట్టుకోవడం మర్చిపోయి, బొమ్మమీద బొటనవేలు ఆనించి పట్టుకున్నారు. "వాడి చేతులు ఇక్కడ ఉండేవి. నేనే తుడిచాను," అన్నారు. "శశీ" అని ఒక్కసారి పిలిచి, బల్లమీద తల పెట్టుకుని ఏడ్చారు. కొడుకు పోయిన రోజున చుట్టాలందరి ముందూ కన్నీటి చుక్క రాల్చని మనిషి. కాకినాడనించి వచ్చేటప్పుడు కూడా దారిపొడుగునా నన్నే ఓదార్చిన మనిషి. నా కోపం అంతా ఎటు పోయిందో నాకు తెలియదు. ఆయన వీపుమీద చెయ్యి వేసి నేనూ ఏడ్చాను. ఇద్దరం కలిసి ఏడవడం అదే మొదటిసారి.

సాయంత్రం దీపం పెట్టి వచ్చేసరికి ఆయన కడిగిన కార్డులన్నీ బల్లమీద వరసగా పరిచి ఉంచారు. పక్కన ఆల్బం కూడా తెరిచి, ప్లాస్టిక్ తొడుగుల్లోంచి తొమ్మిది మార్కుల కార్డుల్ని బయటికి తీస్తున్నారు. పూజగదిలోంచి పసుపు భరిణె తెచ్చి గిన్నెలో నీళ్ళు కూడా సిద్ధంగా పెట్టారు.

"మళ్ళీ పెట్టు," అన్నారు. "అన్నిటికీ పెట్టు. మార్కులు పోతే పోనీ."

ఆయన మొహం చూస్తే కాదనడం కష్టమైంది. పసుపు తడిపి, వేలు ముంచి, మొదటి కార్డు మూల దాకా తీసుకెళ్ళాను. వేలు అదే. గాటు అదే. కాని చెయ్యి కిందికి దిగలేదు.

"అది చదువుకునే పిల్లాడికి పెట్టేదండీ," అన్నాను. "ఇప్పుడు ఎవరికి పెట్టను?"

ఆయన భరిణె మూత పెట్టేశారు. నేను వేలు కొంగుకి తుడుచుకున్నాను.

తరవాత దేవకుమారి చేత హైదరాబాదుకి సమాచారం పంపించాను. కొన్నాళ్ళకి సందీప్ ఫోన్ చేశాడు. గొంతు మారిపోయింది, మాట మారలేదు. పెళ్ళి కుదిరిందట, అద్దెగది ఖాళీ చేస్తున్నాడట. మా అడ్రసు మారిందేమో, ఇన్నేళ్ళకి వచ్చి మళ్ళీ గుర్తుచేస్తే ఏమనుకుంటామో అని భయపడ్డాడట. పారెయ్యలేక, అక్కరున్నవాడే కొంటాడులే అని వేలంలో పెట్టాడట. పార్సెలు దేవకుమారి పేరున పంపాడు కనక, కొన్నది మేమేనని అప్పటిదాకా వాడికి తెలియదు.

"ఆ పసుపు మా అమ్మ పెట్టింది, తుడవకూడదు అనేవాడండి శశి. అందుకే నేనెప్పుడూ తుడవలేదండి ఆంటీ," అన్నాడు. అన్నీ అలాగే ఉన్నాయా అని అడిగాడు.

"అలాగే ఉన్నాయి నాన్నా," అన్నాను. మా ఆయన పక్కగదిలో వింటున్నారు.

కడిగిన కార్డులు బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి కొని అందులో పెట్టాను, బియ్యం డబ్బా వెనక. కీపరు కార్డు ఒక్కటీ బీరువాలో ఉంది, పట్టుచీరల మడతల మధ్య నల్లగుడ్డలో చుట్టి. దానికి ఆయన మళ్ళీ మార్కులు వెయ్యలేదు. వెలుగు తగిలితే పసుపు వెలిసిపోతుందని ఇప్పుడు ఇద్దరికీ తెలుసు. ట్యూబులైటు వెలుగు కూడా మంచిది కాదని ఆయన ఎక్కడో చదివి వచ్చారు. మొదట్లో అప్పుడప్పుడు తీసి, తలుపులు దగ్గరగా వేసుకుని చూసేవాళ్ళం. చూసినప్పుడల్లా ఆ గుండ్రం కాస్త పలచబడినట్టే ఉండేది. నిజంగా పలచబడిందో, మా భయమో తెలియదు. తియ్యడం మానేశాం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన మంచంమీద వాలి, పైకప్పు చూస్తూ అడుగుతారు.

"ఉందా?"

"ఉంది," అంటాను.

బీరువా తాళంచెవి నా కొంగునే ఉంటుంది. ఇద్దరం లేవం.